పాతబస్తీ ఒక్క రోజులో అవుతుందా? పెళ్లి షాపింగ్, తిండి, కళ, రాత్రి సందడి గురించి

మీ ప్రశ్న ఇది: గచ్చిబౌలిలో ఉద్యోగం. చార్మినార్ ముందు ఫొటో దిగడం తప్ప పాతబస్తీ సరిగ్గా చూసింది లేదు. వచ్చే నెల అమ్మగారు, చెల్లెలు రాజమండ్రి నుంచి వస్తున్నారు. చెల్లెలికి పెళ్లి షాపింగ్ ఉంది. మీ ఆవిడ బొమ్మలు వేస్తారు కాబట్టి ఆవిడకి కళ కావాలి. మీకు తిండి, రాత్రి సందడి కావాలి. అమ్మగారు మాంసం ముట్టరు. ఇదంతా ఒక ఆదివారం పొద్దున పదింటి నుంచి సాయంత్రం ఆరింటిలోపు అవుతుందా అని అడిగారు.

అవ్వదండీ. అసలు మీరు అనుకున్న వేళలే పాతబస్తీకి పనికిరావు. పదింటికి వెళ్తే పొద్దుటి తిండి అయిపోయి ఉంటుంది, బజారు ఇంకా పూర్తిగా తెరుచుకోదు. ఆరింటికి వచ్చేస్తే బజారుకి అసలైన కళ వచ్చే టైముకి మీరు ఇంటిదారిలో ఉంటారు. దీన్ని రెండు పూటలుగా విడగొట్టండి, వీలైతే వేర్వేరు రోజుల్లో. ఒకటి తెల్లవారుజామున మొదలై మధ్యాహ్నం భోజనంతో అయిపోవాలి. రెండోది మూడింటికి మొదలై రాత్రి పది దాటాలి. శుక్రవారం మాత్రం పెట్టుకోకండి, సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ రెండూ ఆరోజు మూసే ఉంటాయి. ఆదివారం విపరీతమైన జనం. శనివారం ఒక పూట, మామూలు రోజు సెలవు పెట్టి ఇంకో పూట అయితే బాగుంటుంది.

నేను పాతబస్తీలోని గౌలిపురాలో పుట్టి పెరిగాను. మా ఇంట్లో ఏ పెళ్లి జరిగినా గాజుల దగ్గర్నుంచి కార్డుల దాకా అన్నీ నడిచి వెళ్లి తెచ్చుకున్నవే. ఇప్పుడు వేరే చోట ఉంటున్నా ఊరినుంచి ఎవరొచ్చినా అటు తిప్పే పని నాదే. ఆ అనుభవంతో మీకు గట్టిగా చెప్పేదొకటి: పాతబస్తీలో షాపింగ్ వేరు, కళ వేరు అని విడివిడిగా ప్లాన్ చేయకండి. అక్కడ మంచి వస్తువు చాలావరకు అమ్మే చోటికి నాలుగడుగుల దూరంలోనే తయారవుతుంది. దుకాణం ముందు భాగం చూసి వచ్చేస్తే సరుకు మాత్రమే దొరుకుతుంది. వెనక గదిలోకో, పక్క సందులోకో వెళ్లి అది తయారయ్యేటప్పుడు చూస్తే మీ చెల్లెలి పనీ, మీ ఆవిడ పనీ ఒకేసారి అవుతాయి. కాబట్టి చూడాల్సిన చోట్లు తగ్గించుకుని, ఒక్కో చోట ఎక్కువసేపు ఉండండి.

లాడ్‌బజార్‌తోనే చెప్తాను. చార్మినార్‌కి పడమర వైపు వీధి అది. అక్కడ కనిపించే గాజులన్నీ హైదరాబాద్‌వి కావు. గాజుతో, అంటే గ్లాసుతో చేసినవి చాలావరకు ఫిరోజాబాద్ నుంచి వస్తాయి. మెటల్‌వి ఎక్కడెక్కడి నుంచో వస్తాయి. ఇక్కడివి లక్క గాజులు. 2024లో వీటికి జీఐ ట్యాగ్, అంటే ఇది ఫలానా ఊరి ప్రత్యేకత అని ఇచ్చే గుర్తింపు కూడా వచ్చింది. దుకాణంలో కూర్చోగానే "లక్కవి, ఇక్కడ చేసినవి చూపించండి" అని అడగండి. తర్వాత "చేసే చోటు చూడొచ్చా భాయ్?" అనండి. షాపు ఖాళీగా ఉన్న టైములో, అంటే మధ్యాహ్నం మూడు నాలుగు మధ్య అడిగితే చాలామంది కాదనరు.

చూడాల్సింది ఇది. చిన్న కుంపటి. దాని మీద రేకు. లక్క ముద్దని వేడికి మెత్తబరిచి, రంగు కలిపి, పొడుగ్గా తాడులా సాగదీస్తారు. దాన్ని సైజుకి తగ్గ కడ్డీకి తొడిగి గుండ్రంగా చేస్తారు, లేదా లోహపు చట్రం మీద పరుస్తారు. ఇక అక్కణ్నుంచి అంతా వేగం మీదే ఆధారపడిన పని. లక్క వేడిగా ఉన్నంతసేపే రాళ్లు పట్టుకుంటుంది. ఒక చేత్తో గాజుని వేడి రేకుకి ఆనిస్తూ తిప్పుతుంటారు, ఇంకో చేతిలో సన్నటి పనిముట్టుతో ఒక్కో రాయిని తీసి గుచ్చుతారు. చల్లారితే మళ్లీ వేడి చేయాలి, ఎక్కువ వేడైతే వరస చెదిరిపోతుంది. వరసలు సమానంగా రావడానికి గీతలేమీ ఉండవు, చూపే కొలత. రాళ్లు కూర్చే పని చాలావరకు చుట్టుపక్కల బస్తీల్లో ఆడవాళ్లు ఇళ్లల్లో చేస్తారు. పొగలో, వేడిలో గంటలకొద్దీ కూర్చుని చేసే పని ఇది. ఇది ఒకసారి చూశాక సెట్టు ధర చెప్పగానే సగానికి అడగడానికి మీకే మనసొప్పదు. బేరం ఆడండి, తప్పు లేదు, అక్కడ అది మామూలే. కానీ చేతిపని గాజుకీ, అచ్చులో పోసిన ప్లాస్టిక్ గాజుకీ ఒకే లెక్క వేయకండి.

గుర్తుపట్టడం ఎలా అంటారేమో. లక్క గాజు చేతిలోకి తీసుకుంటే గ్లాసుదానిలా చల్లగా తగలదు, రెండు తాకిస్తే గలగలమనదు, మందంగా శబ్దం వస్తుంది. రాళ్ల అంచుల్ని గోటితో మెల్లగా తడిమి చూడండి. కూర్చినవైతే లక్కలో కూరుకుని ఉంటాయి, పైన జిగురుతో అంటించినవైతే అంచు గోటికి దొరుకుతుంది. సైజు రెండు నాలుగా, రెండు ఆరా అనేది చెల్లెలు ముందే చూసుకుంటే మంచిది. లక్క సాగదు కాబట్టి "కొంచెం బిగుతైనా పర్లేదు" అనుకుని కొనకూడదు. పెళ్లి చీరలు కొనేసి ఉంటే బ్లౌజు ముక్క తీసుకెళ్లండి, ఆ రంగుకి తగ్గట్టు కలిపి చేయించి ఇస్తారు, కొన్ని రోజులు టైము ఇవ్వాలి. ఇంకో మాట, వీటిని ఎండలో కారులో వదిలేయకండి, వేడినీళ్లు తగలనివ్వకండి.

మీ చెల్లెలికి మగ్గం వర్క్ బ్లౌజులు ఎలాగూ ఉంటాయి కదా. రాజమండ్రిలో కుట్టించినా సరే, ఆ పని ఇక్కడ చూసి వెళ్లమనండి. చార్మినార్ చుట్టుపక్కల సందుల్లో మేడమీద గదుల్లో చెక్క చట్రానికి గుడ్డ బిగించి, దాని చుట్టూ నలుగురైదుగురు నేల మీద కూర్చుని జర్దోజీ, అంటే జరీ ఎంబ్రాయిడరీ చేస్తుంటారు. హైదరాబాదీ ముస్లిం పెళ్లికూతుళ్లు వేసుకునే ఖడా దుపట్టాకి ఆ పనే అందం. జరీ, కట్‌బీడ్స్, కుందన్లు, లేసులు, బోర్డర్లు లాడ్‌బజార్, పత్తర్‌గట్టీ వైపు విడిగా దొరుకుతాయి. సామాను ఇక్కడ కొనుక్కుని వెళ్లి మీ టైలరుకి ఇస్తే ఖర్చు బాగా కలిసొస్తుంది. పెట్టుబడి చీరలు, అంటే బంధువులకు పంచేవి, మదీనా సెంటర్‌లో చూడండి. అక్కడ ఒక్కొక్కటిగా కాకుండా ఎక్కువ సంఖ్యలో తీసుకుంటేనే ధర దిగుతుంది, అందుకని లిస్టు రాసుకుని వెళ్లండి.

ముత్యాల విషయం త్వరగా చెప్పేస్తాను. ఒకప్పుడు బస్రా నుంచి వచ్చేవి. ఇప్పుడు మీకు చూపించేవి ఎక్కువగా చైనా మంచినీటి ముత్యాలు. అవి అసలువే, నకిలీ అని కాదు, కానీ బస్రా ముత్యం అని ఎవరైనా మామూలు ధరకి ఇస్తానంటే నమ్మకండి. రెండు ముత్యాల్ని ఒకదానితో ఒకటి రుద్దితే గరగరలాడాలి, జారిపోతే అనుమానించాలి. బరువు, రకం రాసిన బిల్లు తీసుకోండి. ఆటో దిగగానే "మంచి ముత్యాల షాపు చూపిస్తా" అని వెంటబడేవాళ్ల కమిషన్ కూడా మీ బిల్లులోనే కలుస్తుంది, మీకు మీరే షాపు ఎంచుకోండి. పత్తర్‌గట్టీలో ఆ నల్లరాతి కమానుల వరస మాత్రం ముత్యాలు కొనకపోయినా తలెత్తి చూడండి. 1908 సెప్టెంబర్‌లో మూసీ వరద ఊరిని ఊడ్చేశాక, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టి నగరాన్ని మళ్లీ తీర్చిదిద్దారు. ఈ వీధికి ఇప్పుడున్న రూపం అప్పటిదే. పైన బోర్డులు, వైర్లు ఎన్ని కప్పేసినా ఆ రాతిపని గొప్పగా ఉంటుంది. పొద్దున్నే షట్టర్లు మూసి ఉన్నప్పుడే అది పూర్తిగా కనిపిస్తుంది. పొద్దుటి పూట రమ్మనడానికి అదొక కారణం.

అసలు కారణం తిండి అనుకోండి. ఆరు గంటలకి పాతబస్తీలో ఉండగలిగితే నహారీ దొరుకుతుంది. రాత్రంతా సన్నటి మంట మీద ఉడికిన మాంసం, ఎముకల రసం. దానికి జోడీ చార్‌కోనీ నాన్, నాలుగు మూలలుండే రొట్టె. పురానీ హవేలీ దగ్గర మున్షీ నాన్ అని 1851 నుంచి ఉన్న కొట్టుంది, భట్టీ లోపలి గోడకి అతికించి కాల్చిన నాన్ వేడివేడిగా చేతికిస్తారు. ముందు నాన్ కొనుక్కుని, హోటల్లో నహారీ చెప్పుకుని తినేవాళ్లు చాలామంది. పొద్దున్నే అంత బరువైనది వద్దనుకుంటే కిచిడీ, ఖీమా, ఖట్టా చెప్పండి. పసుపుపచ్చటి మసూర్‌పప్పు కిచిడీ, పక్కన ఖీమా కూర, పైన నువ్వులు, చింతపండు కలిపిన పలచటి ఖట్టా. హైదరాబాద్ ఇళ్లల్లో పొద్దుటి తిండి అంటే ఇదే. బిర్యానీ పేరు ఎంత మోగిపోయినా, ఈ ఊరి రుచి తెలియాలంటే నేను ముందు దీన్నే పెట్టిస్తాను.

అమ్మగారి గురించి దిగులు పడకండి. గుల్జార్ హౌజ్ చుట్టూ తరతరాలుగా మార్వాడీ, అగర్వాల్ కుటుంబాలున్నాయి, వాళ్ల మిఠాయి కొట్లు, కచోరీ, పూరీ దొరికే చోట్లున్నాయి. అక్కడికి దగ్గర్లోనే గోవింద్ బండి. పొద్దున పూట వెన్న దోసె, తవా ఇడ్లీ వేస్తారు. మన కోస్తా దోసె అనుకుని వెళ్తే మాత్రం ఆశ్చర్యపోతారు. పెనం మీదే ఉప్మా, ఉల్లి, టమాటా, కారప్పొడి, వెన్న అన్నీ వేసి గరిటెతో మెదిపి దోసెకి పట్టిస్తారు. నిలబడి తినాలి. అమ్మగారికి మోకాళ్ల నొప్పులుంటే పార్సిల్ కట్టించి చల్లగా ఉన్నచోట కూర్చోబెట్టండి.

తిన్నాక ఎండ ముదరకముందే బాద్‌షాహీ ఆశుర్‌ఖానాకి వెళ్లండి. మదీనా సెంటర్‌కి దగ్గర, హైకోర్టు వైపు. మీ ఆవిడని తీసుకెళ్లాల్సిన మొదటి చోటు ఇదే, మ్యూజియం కంటే ముందు. 1590లలో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించాడు. 1591లో చార్మినార్ కట్టించింది కూడా ఆయనే. మొహర్రంలో పీర్లు, అంటే ఆలమ్‌లు నిలబెట్టే చోటు. లోపలి గోడల మీద ఎనామిల్ పలకల పని 1611 నాటిది. పసుపు, నీలం, ఆకుపచ్చ, ఇటిక రంగు. ఒకచోట ఆలమ్ ఆకారమే గోడంత పెద్దగా, లోపల లతలతో, అక్షరాలతో నిండి ఉంటుంది. నాలుగువందల ఏళ్ల తర్వాత కూడా ఆ పసుపు వెలవెలబోలేదు. 1908 వరదలో కింది భాగం పలకలు దెబ్బతిన్న చోట రంగులు పూసి సరిచేశారు. ఏది పలక, ఏది పూత అని వెతకడం బొమ్మలు వేసేవాళ్లకి మంచి పని. అది ప్రార్థనాస్థలం కాబట్టి చెప్పులు విప్పి, అక్కడున్నవారిని అడిగి, మెల్లగా చూడండి. మొహర్రం రోజుల్లో అయితే చూడ్డానికి కాదు, మొక్కడానికి వచ్చేవాళ్లుంటారు, వాళ్లకి దారివ్వండి.

అక్కణ్నుంచి సాలార్‌జంగ్ మ్యూజియం నడిచేంత దూరం. మొత్తం చూడాలని పెట్టుకోకండి, కాళ్లు పడిపోతాయి, ఏదీ గుర్తుండదు. బెంజోనీ చెక్కిన మేలిముసుగు రెబెకా 1876 నాటి పాలరాతి విగ్రహం, దాన్ని తప్పక చూడండి. తర్వాత బిద్రీ సామాను గది. బీదర్‌లో పుట్టిన పని అది. జింకు, రాగి కలిపిన లోహం మీద గీతలు చెక్కి, వెండి తీగ కొట్టి, బీదర్ కోట మట్టితో నల్లబరుస్తారు. మంచి పాత పని ఎలా ఉంటుందో కళ్లతో చూసుకున్నాక బయట కొనేటప్పుడు తేడా తెలుస్తుంది. గంట కొట్టే వేళకి మ్యూజికల్ గడియారం దగ్గర ఉండండి, పిల్లలు, పెద్దలు అందరూ అక్కడే చేరతారు. అంతే, రెండు గంటలు చాలు.

మధ్యాహ్నం బిర్యానీ మదీనా దగ్గర షాదాబ్‌లో తినండి. పచ్చి మాంసాన్ని మసాలాతో నానబెట్టి, సగం ఉడికిన బియ్యం పరిచి, మూత చుట్టూ పిండి పెట్టి దమ్ చేసే కచ్చీ పద్ధతి. ఒంటిగంట లోపు వెళ్లండి, లేకపోతే కుర్చీ దొరకదు.

రెండో పూట. మూడింటికి చౌమహల్లాతో మొదలుపెట్టండి, ఐదింటికి మూసేస్తారు. దర్బారు హాలులో షాండ్లియర్లు అందరూ చూస్తారు, మీరు పై అంచుల్లో సున్నపు పని కూడా చూడండి. గచ్చులో అంత సన్నటి లతలు తీసిన చేతులు ఈ ఊరివే. ఆ పని మీద మనసు పడితే సంతోష్‌నగర్ వైపు ఉన్న, 'పైగా' అనే నవాబుల వంశం వారి సమాధులకి ఇంకో రోజు వెళ్లాలి. జనం ఉండరు, ఒక్కో జాలీ, అంటే చిల్లుల నగిషీ తెర, ఒక్కో రకంగా ఉంటుంది. స్కెచ్ వేసుకోవడానికి హైదరాబాద్‌లో అంతకంటే మంచి చోటు నాకు తెలియదు.

చౌమహల్లా నుంచి లాడ్‌బజార్, అక్కడ గాజులు. ఆ చుట్టుపక్కల సందుల్లో చెవి పెట్టి వినండి, టకటకా సుత్తి దెబ్బలు లయగా వినిపిస్తే అది వెండి రేకు కొట్టేవాళ్లది. మిఠాయి మీద, పాన్ మీద అంటించే వరఖ్. తోలు పొరల మధ్య వెండి ముక్కలు పెట్టి గంటలకొద్దీ కొట్టేవారు. వరఖ్ తయారీలో జంతు సంబంధమైనదేదీ వాడకూడదని 2016లో నిబంధన వచ్చింది, మరోవైపు మిషన్లు వచ్చాయి. చేత్తో కొట్టేవాళ్లు చాలా తగ్గిపోయారు. నాకిది నిజంగా బాధ కలిగించే విషయం. నిబంధన తప్పని అనను, అమ్మగారిలాంటి వాళ్లకి అది అవసరం కూడా. కానీ ఆ పనివాళ్లకి బతుకుదెరువు మారే దారి ఎవరో ఒకరు చూపించాల్సింది.

అత్తరు కొనేటప్పుడు తొందర వద్దు. మూడు రకాలకి మించి ఒకేసారి వాసన చూడకండి, ముక్కు పనిచేయదు. నచ్చినదాన్ని మణికట్టుకి రాయించుకుని బజారంతా తిరగండి. గంట తర్వాత కూడా నచ్చితే అప్పుడు వెనక్కి వచ్చి కొనండి. మట్టి అత్తరు అడిగి చూడండి, తొలకరి పడ్డప్పుడు నేల వాసన. ఇంట్లో పెద్దవాళ్లకి ఎక్కువగా నచ్చేది అదే.

చీకటి పడ్డాక సంగతి. మీరు అడిగిన రాత్రి సందడి పబ్బులో ఉండేది కాదు, ఇక్కడి రాత్రి చాయ్ మీద, తిండి మీద, నడక మీద నడుస్తుంది. ఆరున్నర తర్వాత చార్మినార్‌కి దీపాలు వేస్తారు. నిమ్రా కేఫ్ ముందు నిలబడి ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ తీసుకోండి. డికాక్షన్ వేరే, మరిగి చిక్కబడ్డ పాలు వేరే ఉంచి కప్పులో కలుపుతారు. బిస్కెట్ అప్పుడే పొయ్యిలోంచి వచ్చిన ట్రే అయితే అదృష్టం. అమ్మగారికి కూడా పనికొస్తుంది. తొమ్మిదిన్నర, పది మధ్య గాజుల షాపులు కట్టేస్తుంటారు, ఆఖరి బేరాలు అప్పుడే కుదురుతాయి. తర్వాత ఓపిక ఉంటే బార్కస్ వెళ్లండి. యెమెన్ నుంచి నిజాం కొలువులోకి వచ్చిన అరబ్బుల వారసుల బస్తీ అది. పెద్ద పళ్లెంలో మండీ, అంటే అన్నం మీద మాంసం పెట్టి ఇచ్చే అరబ్బు వంటకం తెప్పించుకుని నలుగురూ కింద కూర్చుని తినొచ్చు. హైదరాబాద్ పెళ్లి బరాతుల్లో వినిపించే మర్ఫా వాద్యం ఈ అరబ్బుల ద్వారా, ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీల ద్వారా ఇక్కడికి చేరిందే. దగ్గర్లో ఏదైనా పెళ్లి ఉంటే రోడ్డు మీదే వినొచ్చు.

పండగ రాత్రుల లెక్క వేరు. రంజాన్ ఆఖరి పది రోజులు మదీనా నుంచి చార్మినార్ దాకా సహరీ వేళవరకు, అంటే ఉపవాసానికి ముందు తెల్లవారుజామున తినే వేళవరకు బజారు నడుస్తుంది. 2010లో జీఐ ట్యాగ్ వచ్చిన హలీం అప్పుడు వీధి వీధినా ఉంటుంది. గోధుమలు, మాంసం, నెయ్యి భట్టీ మీద పొద్దంతా ఉడుకుతుంటే ఇద్దరు మనుషులు కర్రలతో మెదుపుతూనే ఉంటారు. ఆ జనంలోకి అమ్మగారిని తీసుకురావద్దు, మీరు, మీ ఆవిడ రండి. అమ్మగారిని ఆషాఢంలో బోనాలకి తీసుకురండి. లాల్‌దర్వాజా సింహవాహిని గుడి బోనాల మర్నాడు ఘటాల ఊరేగింపు అక్కన్న మాదన్న గుడి అమ్మవారి అంబారీతో కలిసి చార్మినార్ ముందునుంచి నయాపుల్ దాకా వెళ్తుంది. పోతరాజుల ఆట, డప్పులు, పసుపు, వేపాకు. పుట్టిన బస్తీ అని చెప్పడం కాదు గానీ, ఆ రోజు మాకు ఇంటి పండగ.

ఇక రాకపోకలు. కారు మాత్రం తేవద్దు. మెట్రోలో ఎంజీబీఎస్ దిగితే సాలార్‌జంగ్ దగ్గరే, చార్మినార్‌కి షేర్ ఆటో చాలు. పాతబస్తీలోకి ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా లైను పని జరుగుతోంది కాబట్టి కొన్ని రోడ్లు ఇరుకుగా ఉంటాయి, నడిచే ఓపికతో రండి. తిరిగి వెళ్లేటప్పుడు ఆలస్యమైతే ఆఖరి మెట్రో అందకపోవచ్చు, క్యాబ్‌ని చార్మినార్ దగ్గరికి పిలవకుండా మదీనా దాటాక పిలవండి, తొందరగా దొరుకుతుంది.

పెళ్లి కార్డు కూడా ఇక్కడే కొట్టిద్దామనుకుంటే మొదటి పూటలో, మ్యూజియం తర్వాత ఛత్తా బజార్‌కి వెళ్లండి. ప్రెస్సులన్నీ అక్కడే. చేత్తో ఉర్దూ రాసే కాతిబ్‌లు ఇంకా కొద్దిమంది ఉన్నారు, కలం వంపు మార్చి అక్షరం సాగదీయడం మీ ఆవిడ పక్కన నిలబడి చూడొచ్చు. తెలుగు కార్డు కొట్టించేటప్పుడు మీ మేటర్ యూనికోడ్‌లో టైపు చేసి తీసుకెళ్లండి, పెళ్లివారి పేర్లు కాగితం మీద పెద్దక్షరాల్లో కూడా రాసి ఇవ్వండి. ప్రూఫ్‌లో ఒత్తులు, ముహూర్తం టైము చెల్లెలితో ఒకసారి, అమ్మగారితో ఒకసారి చదివించాకే ప్రింటుకి సరే అనండి.